కాటా మీద ల్యాప్‌టాప్

మా ఇంట్లో ఒక ఎలక్ట్రానిక్ కాటా ఉంది. మిర్చి టిక్కీలు, పత్తి బోరేలు తూచుకోవడానికి నాన్న కొన్నది. పోయిన దసరాకి నేను హైదరాబాద్ నుంచి గురజాల వెళ్లినప్పుడు దాని మీదకి నా పాత ల్యాప్‌టాప్ ఎక్కింది.

ఎక్కించింది నాన్నే. ల్యాప్‌టాప్, దాని చార్జరు రెండూ కలిపి 3 కేజీల 20 గ్రాములు తూగాయి. నాన్న ముఖం వెలిగిపోయింది. "చూశావా, సరుకుంది కాబట్టే బరువుంది. అమ్మాయికి కూడా ఇట్టాంటిదే తీసుకుందాం" అన్నాడు.

మా చెల్లి అప్పుడే బీటెక్‌లో చేరింది. నరసరావుపేటలో కాలేజీ. సీఎస్‌ఈలో ఏఐ అండ్ ఎంఎల్ బ్రాంచ్. రోజూ గురజాల నుంచి పిడుగురాళ్ల మీదుగా ఆర్టీసీ బస్సులో పోయిరావాలి. తను అప్పటికే ఫోన్‌లో ఒక గేమింగ్ ల్యాప్‌టాప్‌ని సేవ్ చేసి పెట్టుకుంది. 15.6 అంగుళాల స్క్రీన్, ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు, కీబోర్డు కింద రంగురంగుల లైట్లు. రేటు 72 వేలు.

నేను వద్దన్నా. తేలికైంది తీసుకోమన్నా.

చెల్లి ఫోన్ పక్కన పెట్టేసి నావైపు తిరిగింది. "నువ్వు అడిగినప్పుడు పెద్దది కొన్నారు. నేను అడిగితే తేలికదా అన్నయ్యా? ఆడపిల్లకి చిన్నది చాల్లే అనా?"

వంటగదిలోంచి అమ్మ తొంగి చూసింది. నాన్న నా ముఖం చూశాడు. నిజానికి నా దగ్గర సమాధానం ఉంది. కానీ ఆ మాట విన్నాక దాన్ని చెప్పడం అంత సులువు కాదు. ఎందుకంటే తను అడిగింది ల్యాప్‌టాప్ గురించి ఒక్కటే కాదు.

ఇంకో సంగతి. 2025లో మిర్చి ధర ఎట్టా పడిపోయిందో గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. ఆ లెక్కన చూసినా 72 వేలంటే ఆరు క్వింటాళ్ల పైన. అంటే పద్నాలుగు, పదిహేను టిక్కీలు. ఒక్క మెషీన్ కోసం అన్ని టిక్కీలు పోతున్నప్పుడు, తప్పుగా కొనే హక్కు మాకు లేదు.

ఆ తప్పు అంతకుముందే ఒకసారి చేశా. అది కూడా నేనే చేశా.

బ్యాటరీ అయిపోయిన రోజు

2019 ఆగస్టు. నేను కూడా నరసరావుపేటలోనే బీటెక్‌లో చేరా. అప్పుడు అది జిల్లా కేంద్రం కాదు, గుంటూరు జిల్లాలో ఒక ఊరు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చాక కలెక్టరేట్ ఊరయింది. నేను పట్టుబట్టి కొనిపించుకున్నది జీటీఎక్స్ 1650 కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్. ఒట్టి మెషీనే 2.4 కేజీలు. చార్జరు ఇటుకంత ఉండేది.

మొదటి నెల రోజూ మోసుకెళ్లా. రెండో నెల వారానికి రెండు రోజులు. మూడో నెల నుంచి ల్యాబ్ ఉన్న రోజు కూడా ఇంట్లో వదిలేసి, పక్కవాడి మెషీన్‌లో చూసి రాసుకునేవాణ్ని. నిలబడి ప్రయాణం, ఒక భుజాన ఆ బ్యాగ్, చేతిలో టిఫిన్ బాక్సు. అంత డబ్బు పోసి కొన్న వస్తువుని మంచం మీద పడుకోబెట్టి కాలేజీకి పోవడం ఎట్టా ఉంటుందో అనుభవించినవాళ్లకి తెలుస్తుంది.

మధ్యలో కరోనా వచ్చింది. క్లాసులన్నీ ఇంట్లోనే. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో దాన్ని మించిన మెషీన్ లేదు. పెద్ద స్క్రీన్, ఎప్పుడూ ప్లగ్‌లోనే, రాత్రికి గేమ్‌లు. కదలాల్సిన పని లేనంతకాలం అది రాజే.

2022లో కాలేజీకి ఒక కంపెనీ ప్లేస్‌మెంట్లకి వచ్చింది. ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్, 90 నిమిషాలు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లదే. హాల్లో అరవై మందిమి. గోడలకి ఉన్న ప్లగ్ పాయింట్లు పట్టుమని పది లేవు. నాకు మధ్య వరసలో సీటు దొరికింది. మొదటి రెండు ప్రాబ్లమ్స్ అయిపోయాయి. మూడోది సగంలో ఉండగా బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. చార్జరు పట్టుకుని ప్లగ్ వెతుక్కునేలోపు స్క్రీన్ నల్లబడింది. ఇంకా తొమ్మిది నిమిషాలు టైముంది.

ఆ మూడోది పూర్తి చేసుంటే ఉద్యోగం వచ్చేదని చెప్పలేను. కానీ పూర్తి చేసే అవకాశం నా చేతిలోంచి జారిపోయింది. తప్పు కంపెనీది కాదు, హాలుది కూడా కాదు. నా మెషీన్ సంగతి నాకే తెలియకపోవడం.

తెలియాల్సిన లెక్క ఇదే

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశా. ఇది మీరు కూడా వేసుకోవచ్చు, ఎక్కాలు వస్తే చాలు.

ప్రతి ల్యాప్‌టాప్ బ్యాటరీకీ వాట్-అవర్ అని ఒక అంకె ఉంటుంది. మెషీన్ వాడేటప్పుడు ఎన్ని వాట్లు తాగుతుందో ఇంకో అంకె. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే గంటలు వస్తాయి. నాది కొత్తప్పుడు 45 వాట్-అవర్లు. మామూలు పనికే 20 వాట్ల దాకా తాగేది. అంటే కొత్తప్పుడే రెండుంపావు గంటలు. మూడేళ్లు ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి, వేడికి మాడ్చేసరికి బ్యాటరీ 27కి పడిపోయింది. 27ని 20తో భాగించండి. గంటా ఇరవై నిమిషాలు. టెస్టేమో గంటన్నర.

విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ అని ఒకటి తీసుకోవచ్చు. కొత్తప్పటి కెపాసిటీ, ఇప్పటి కెపాసిటీ పక్కపక్కనే చూపిస్తుంది. ముందురోజు అది చూసుంటే, హాల్లోకి అందరికంటే ముందు వెళ్లి గోడ పక్కన కూర్చునేవాణ్ని.

ఇప్పటి తేలిక ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. 55 వాట్-అవర్ల బ్యాటరీ, కోడింగో బ్రౌజింగో చేస్తే 8 వాట్ల చుట్టూ వాడకం. ఏడు గంటలకు దగ్గరగా వస్తుంది. పైగా చాలావాటికి యూఎస్‌బీ-సీ చార్జింగ్. 65 వాట్ల చార్జరు జేబులో పడుతుంది, అవసరమైతే మంచి పవర్ బ్యాంక్‌తో కూడా నడుస్తుంది. గేమింగ్ మెషీన్లకి 150, 180, 240 వాట్ల అడాప్టర్లు కావాలి. అవి ప్లగ్‌లో లేకపోతే గ్రాఫిక్స్ కార్డు సగం బలంతో కూడా పనిచేయదు, ఎందుకంటే అంత కరెంటు ఒక్కసారిగా బ్యాటరీ ఇవ్వలేదు. అంటే బలం కోసం కొన్న మెషీన్ బస్సులో, క్లాసులో బలంగా ఉండదు. బరువుగా మాత్రం ఉంటుంది.

మరి తేలికైంది కొంటే సుఖమా? మా బావనడగాలి

ఇంతవరకు చదివి "సరే, తేలికదే బెస్ట్" అనుకుంటున్నారేమో. ఆగండి. మాచర్లలో మా మేనత్త కొడుకున్నాడు. పెళ్లి వీడియోలు, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాడు. ఎత్తిపోతల దగ్గర ప్రీ-వెడ్డింగ్ షూట్‌లు, మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల వీడియోలు, అన్నీ ఫోర్‌కే క్వాలిటీలో.

బావ నాకు పూర్తిగా రివర్స్. 2022లో సన్నగా, కవరులో పట్టేట్టున్న ల్యాప్‌టాప్ కొన్నాడు. ఫ్యాన్ కూడా లేదు, అసలు చప్పుడే రాదు. కస్టమర్ల ముందు తెరిస్తే స్టయిల్‌గా ఉంటుందని. ఏప్రిల్ దాకా బాగానే నడిచింది. మే నెల వచ్చింది.

మాచర్లకీ గురజాలకీ మధ్యలో రెంటచింతల ఉంది. ఎండాకాలం టీవీ వార్తల్లో రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడ అంటే తరచుగా వినిపించే పేరు అదే. 45 డిగ్రీలు దాటిన రోజులు మాకు కొత్త కాదు. ల్యాప్‌టాప్ కంపెనీలు చాలావరకు తమ మెషీన్‌ని 35 డిగ్రీల లోపు గదిలో వాడమని చిన్న అక్షరాల్లో రాస్తాయి. మే నెలలో పల్నాడులో ఏసీ లేని గదిలో 35 అంటే అది తెల్లవారుజామున నాలుగింటి మాట.

చిప్ వేడెక్కి వంద డిగ్రీల దగ్గరికి పోయేసరికి, కాలిపోకుండా తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఫ్యాన్ ఉంటే వేడిని బయటికి తోస్తుంది. లేకపోతే ఆ వేడి పైన రేకులోంచే పోవాలి. గదే కొలిమిలా ఉంటే అది ఎక్కడికి పోతుంది? చలికాలంలో రెండు గంటల్లో అయ్యే వీడియో రెండర్, మేలో రాత్రంతా పట్టింది. ముహూర్తాల సీజన్‌లో బావ ల్యాప్‌టాప్ కింద తడిగుడ్డ పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ తిప్పి పనిచేశాడు. తడిగుడ్డ పని మీరు చేయకండి, బోర్డులోకి తేమ పోతే మొదటికే మోసం. ర్యామ్ పెంచుదామంటే అది బోర్డు మీదే అతికేసి ఉంది. 8 జీబీ అంటే చచ్చేదాకా 8 జీబీనే.

ఆఖరికి ఏం చేశాడో తెలుసా? ఆ ల్యాప్‌టాప్ అమ్మేసి, ఇంకొంత వేసి డెస్క్‌టాప్ కట్టించుకున్నాడు. పెద్ద క్యాబినెట్, మంచి గ్రాఫిక్స్ కార్డు, యూపీఎస్. "బామ్మర్దీ, నా పని ఈ కుర్చీలోంచి లేచిందే లేదు. లేవని పనికి మోసుకెళ్లే మెషీన్ ఎందుకు కొన్నానో నాకే తెలవదు" అన్నాడు.

ఆ మాట నాకు అంటుకుపోయింది. నేను రోజూ తిరిగే పనికి కూర్చునే మెషీన్ కొన్నా. బావ కూర్చునే పనికి తిరిగే మెషీన్ కొన్నాడు. ఇద్దరం డబ్బులు పెట్టాం, ఇద్దరం రివ్యూలు చూశాం. మన రోజు ఎట్టా గడుస్తుందో మాత్రం ఇద్దరం చూసుకోలేదు.

11 కేజీల "పోర్టబుల్"

ఈ తకరారు మన ఇంట్లో మొదలైంది కాదు. 1981లో అమెరికాలో ఆస్బోర్న్ 1 అనే కంప్యూటర్ వచ్చింది. మార్కెట్‌లో బాగా అమ్ముడైన మొదటి పోర్టబుల్ కంప్యూటర్‌గా చెప్పుకుంటారు. రేటు 1,795 డాలర్లు. బరువు దాదాపు 11 కేజీలు! స్క్రీన్ 5 అంగుళాలు, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ కంటే చిన్నది. బ్యాటరీ లేదు, ప్లగ్ దొరికితేనే పని. పిడి పట్టుకుని ఎత్తగలిగితే చాలు, పోర్టబుల్ అన్నట్టే.

దాన్ని తెచ్చిన ఆడమ్ ఆస్బోర్న్ మనకి మరీ దూరపువాడేం కాదు. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు, ఆడమ్ చిన్నతనం తిరువణ్ణామలైలో గడిచింది. 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

అక్కడి నుంచి 2008 జనవరికి రండి. స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద ఆఫీసు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని బయటికి తీశాడు. 1.36 కేజీలు. ఆ కవరు సీన్ తర్వాత అన్ని కంపెనీలూ సన్నదనం వెంట పడ్డాయి. 2020 నవంబర్‌లో యాపిల్ ఎం1 చిప్ వచ్చాక, ఫ్యాన్ లేని సన్నటి మెషీన్ కూడా రోజువారీ పనుల్లో బరువు మెషీన్లకి పోటీ ఇవ్వగలదని తేలింది.

ఇంకోవైపు గేమింగ్ మెషీన్లు కూడా బలం పెంచుకుంటూ పోయాయి. ఇక్కడ ఒక మెలిక తెలుసుకోవాలి. ఒకే పేరున్న గ్రాఫిక్స్ కార్డు అన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకే బలంతో ఉండదు. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డుకి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా పెట్టుకునే వీలుంది. స్టిక్కర్ మీద పేరు ఒకటే, లోపల తాగే కరెంటు వేరు, పని కూడా వేరు. ప్రాసెసర్లూ అంతే. ఇంటెల్ 13వ తరంలో చివర యూ అని ఉంటే 15 వాట్లు, హెచ్ అని ఉంటే 45, హెచ్‌ఎక్స్ అయితే 55. రెండింటి మీదా "ఐ5" అనే ఉంటుంది. షాపులో ఈ చివరి అక్షరం ఎవరూ చదివి చెప్పరు, మనమే చూసుకోవాలి.

వారం రోజుల డైరీ

ఇదంతా దసరా రోజు చెల్లికి చెప్పలేదు. చెప్పినా వినేది కాదు, వినాల్సిన పని కూడా లేదు. పెద్దది నాకు కొన్నప్పుడు ఇంట్లో ఎవరూ నన్ను ప్రశ్నలడగలేదు. తనకి కొనేటప్పుడు మాత్రం బరువు, బస్సు, బ్యాటరీ అని నేను లెక్చర్ ఇస్తే ఎట్టా ఉంటుంది?

అందుకే ఒకటే అడిగా. "నా పాతది వారం రోజులు తీసుకెళ్లు. రోజూ ఫోన్‌లో నాలుగు ముక్కలు రాయి. ఎన్నిసార్లు ఎత్తావు, ఎన్నిసార్లు ప్లగ్ వెతికావు, ఏ పని చేశావు. వారం తర్వాత నువ్వు ఏది చెబితే అదే. నేను నోరెత్తను." నాన్న కూడా సరేనన్నాడు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా. చెల్లికి చార్జీ మిగిలింది, సీటు మాత్రం మిగలట్లేదు. ఉదయం బస్సులో పిడుగురాళ్ల దాకా నిలబడటం మామూలైంది. సోమవారం బయల్దేరే ముందు నాన్న తన కాలేజీ బ్యాగ్ మొత్తం కాటా మీద పెట్టాడు. ల్యాప్‌టాప్, చార్జరు, రికార్డులు, లీటర్ నీళ్లు, టిఫిన్ బాక్సు కలిపి 7 కేజీల 400 గ్రాములు. నాన్న ఈసారి ఏమీ అనలేదు.

చెల్లి రాసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నా.

సోమవారం: "రెండు బస్సులు, రెండు మెట్ల వరసలు. సీ లాంగ్వేజ్ ల్యాబ్‌లో కాలేజీ కంప్యూటర్లే ఉన్నాయి. దీన్ని తెరవనే లేదు."

మంగళవారం: "క్లాసులో తెరిచా. ఫ్యాన్ సౌండుకి సార్ వెనక్కి తిరిగారు. గంటకి చచ్చింది."

బుధవారం: "బస్సులో ఒక పెద్దావిడ ఒళ్లో పెట్టుకుంది బ్యాగ్. బండరాయి తెచ్చావా అమ్మాయ్ అనడిగింది."

గురువారం: "ఇంట్లో వదిలేశా."

శుక్రవారం: "మధ్యాహ్నం లైబ్రరీలో అసైన్‌మెంట్ చేసుకోవాలి. మెషీన్ లేదు. ఫోన్‌లో కోడ్ టైప్ చేశా."

శనివారం: "ఇంట్లో టేబుల్ మీద పెట్టి మూడు గంటలు చేసుకున్నా. పెద్ద స్క్రీన్ బాగుంది."

గురువారం, శుక్రవారం చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. నా మూడో నెల తనకి నాలుగో రోజుకే వచ్చేసింది.

ఆదివారం ఫోన్ చేసింది. "తేలికదే తీసుకుంటా. కానీ రెండు కండిషన్లు" అంది.

మొదటిది, ఏఐ బ్రాంచ్ కాబట్టి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఎట్టా అన్నదానికి నేను సరిగ్గా సమాధానం చెప్పాలి. చెప్పా. మొదట్లో సీ, తర్వాత జావా, పైథాన్, డేటా స్ట్రక్చర్స్. వీటికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు, 16 జీబీ ర్యామ్‌తో పని. మోడల్స్ ట్రెయిన్ చేయడం మొదలయ్యాక గూగుల్ కొలాబ్ ఉంది. ఉచితంగా టీ4 అనే సర్వర్ గ్రాఫిక్స్ కార్డు వాడుకోవచ్చు, అందులో 16 జీబీ మెమరీ. తను చూసిన 72 వేల ల్యాప్‌టాప్‌లో ఉన్నది దానికి సగం కూడా కాదు. కాకపోతే కొలాబ్‌కి నెట్ ఉండాలి, ఎంతసేపైనా వాడుకుంటానంటే కుదరదు, లిమిట్లుంటాయి. ఉన్నదున్నట్టు చెప్పా.

రెండో కండిషన్ ఇంకా గట్టిది. "తేలికదానికి రేటు తక్కువ కదా. ఆ తేడా ఇంట్లో కలిసిపోకూడదు. నీకెంత పెట్టారో నాకూ అంతే పెట్టాలి. ఆ డబ్బులతో ఏం చేయాలో నేను చెబుతా."

నాన్న స్పీకర్‌లో వింటున్నాడు. "ఇది నీకంటే లెక్కల్లో గట్టిదిరా" అన్నాడు.

72 వేలు ఎట్టా ఖర్చయ్యాయి

దీపావళికి ముందు నాన్న, చెల్లి, నేను గుంటూరు వెళ్లాం. జీఎస్టీ తగ్గిందని నాన్న వార్తల్లో విన్నాడు, ల్యాప్‌టాప్ కూడా తగ్గుతుందని ఆశ. ల్యాప్‌టాప్‌ల మీద మొదటి నుంచీ 18 శాతమే, సెప్టెంబర్ మార్పుల్లోనూ అదే ఉండిపోయింది.

14 అంగుళాల స్క్రీన్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1.4 కేజీలు. ఒక చిన్న ఫ్యాన్ ఉంది, మా బావ చేసిన తప్పు చేయలేదు. 53 వేలు. మిగతా 19 వేలు చెల్లివి. అందులో ఆరు వేలతో నా పాత మెషీన్‌కి ఎస్‌ఎస్‌డీ, ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించింది. బరువు మెషీన్లలో ఉన్న మంచి గుణం అదే, విప్పి మార్చుకోవచ్చు. ఎనిమిది వేలతో మానిటర్ తీసుకుంది. మిగిలిన ఐదు వేలు తన అకౌంట్‌లోనే ఉన్నాయి. దేనికని నేను అడగలేదు.

ఇప్పుడు ఆ పాతది ఇంట్లో బల్ల మీద ఉంటుంది. ఎక్కడికీ పోదు. గ్రాఫిక్స్ కార్డు చిన్నదే అయినా నేర్చుకునే మోడల్స్‌కి చాలు. కాలేజీకి పనికిరాని గంట బ్యాటరీ, కరెంటు పోయినప్పుడు గంట యూపీఎస్‌గా పనికొస్తోంది. ఆరేళ్ల తర్వాత దానికి తగిన చోటు దొరికింది.

మేం కొన్న కొన్నాళ్లకే ర్యామ్, ఎస్‌ఎస్‌డీల రేట్లు బాగా పెరిగాయి. మెమరీ చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకే ఎక్కువగా పోతుండటం దానికి కారణం. అందుకే ఇప్పుడు కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ర్యామ్ తర్వాత పెంచుకుందాంలే అనుకుంటే, అసలు పెంచుకునే స్లాట్ ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే మొదటే 16 తీసుకోండి.

మీరు కొనే ముందు ఈ ఐదూ రాసుకోండి

1. వారంలో దాన్ని ఎన్నిసార్లు ఎత్తుతారు? పదిసార్లు దాటితే బరువే మొదటి ప్రశ్న. మెషీన్ బరువు ఒక్కటే కాదు, చార్జరు బరువు కూడా కలపండి.

2. వాడే చోట ప్లగ్ ఉంటుందా? హాస్టల్ గదిలోనో ఇంట్లోనో బల్ల మీదే అయితే పెద్దది కొనుక్కోవచ్చు. క్లాసు, లైబ్రరీ, బస్టాండ్ అయితే వాట్-అవర్ల లెక్క వేయండి.

3. మీ పనికి గ్రాఫిక్స్ కార్డు రోజూ కావాలా? త్రీడీ, ఆర్కిటెక్చర్, వీడియో ఎడిటింగ్, గేమ్ డెవలప్‌మెంట్ చేసేవాళ్లకి నిజంగానే కావాలి, వాళ్లు బరువుకి భయపడి చిన్నది కొంటే మా బావలాగే బాధపడతారు. కోడింగ్, ఆఫీస్ పని, ఆన్‌లైన్ క్లాసులకి అక్కర్లేదు.

4. ఎండాకాలం ఏ గదిలో వాడతారు? ఏసీ లేని గదిలో గంటల తరబడి బరువైన పని అయితే ఫ్యాన్ లేని మెషీన్ వద్దు.

5. పాడైతే ఎక్కడికి పోవాలి? మీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో, ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉందో లేదో బిల్లు కట్టకముందే అడగండి.

ఇవన్నీ రాసుకున్నాక కూడా తేలకపోతే, ఎవరిదైనా ఒకటి అడిగి వారం రోజులు మోసి చూడండి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ ఎంత ఎత్తుంటే అంత గొప్ప. అంతమాత్రాన దాన్ని రోజూ కాలేజీకి తీసుకెళ్లం కదా.

కొత్త ల్యాప్‌టాప్ తెచ్చిన రోజు నాన్న అలవాటుగా దాన్నీ కాటా మీద పెట్టాడు. చార్జరుతో కలిపి 1 కేజీ 660 గ్రాములు. రెండుసార్లు తీసి మళ్లీ పెట్టి చూశాడు. "ఇంత డబ్బు పెట్టాం, తూకమే లేదేందిరా" అన్నాడు.

"తూకం లేకపోవడానికే నాన్నా ఆ డబ్బు" అంది చెల్లి, బ్యాగ్ భుజాన వేసుకుంటూ.

మర్నాడు ఉదయం నాకు బస్సులోంచి మెసేజ్ పెట్టింది. "పిడుగురాళ్ల దాటాం. భుజం నొప్పి లేదు. సీటు కూడా లేదు."